ఊరుమ్మడి తాళంచెవి

మా వృత్తిలో స్టాటిక్ మెథడ్ అని ఒక మహానుభావుడున్నాడు. ఇల్లూ వాకిలీ లేదు, ఫలానా స్క్రీన్ మీద ఉన్నానని చెప్పుకోవడానికి చిరునామా లేదు. కోరిక మాత్రం ఘనమైనది. ఎక్కడో మూల ఫైల్లో కూర్చుని, యూజర్‌ని ఈ స్క్రీన్ నుంచి లేపి ఆ స్క్రీన్‌లో కూలేయాలి!

ఫ్లట్టర్ సంగతే చూడండి. స్క్రీన్ మారాలంటే నావిగేటర్‌ని పట్టుకోవాలి, దాన్ని పట్టుకోవాలంటే బిల్డ్‌కాంటెక్స్ట్ చూపించాలి. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. విడ్జెట్ల చెట్టులో నువ్వు ఏ కొమ్మ మీదున్నావో చెబితే, అక్కణ్నుంచి పైకెక్కి దగ్గర్లోని నావిగేటర్‌ని వెతికి ఇస్తుంది. "తమరు ఎవరి తాలూకండీ?" అనడమే కదా! ఆ ప్రశ్న తప్పించుకోవడానికి మనవాళ్లు పట్టిన దారి గ్లోబల్ కీ. మెటీరియల్‌యాప్‌కి తాళంచెవి తగిలించి, అదే చెవిని రచ్చబండ దగ్గర మేకుకు వేలాడదీస్తారు. ఎవరైనా, ఎప్పుడైనా తలుపు తీయొచ్చు. రెజ్యుమేలో దీని పేరు 'నావిగేషన్ సర్వీస్ లేయర్'.

ఇక వైభోగం చూడండి. టోకెన్ గడువు తీరింది. హోమ్ స్క్రీన్ ఒకేసారి ఐదు రిక్వెస్టులు పంపింది. సర్వర్ ఐదింటినీ 401 అని మొహాన కొట్టింది. ఇంటర్‌సెప్టర్‌లో కాపుకాసిన మహానుభావుడు ఐదుసార్లు తాళం తీసి, ఐదు లాగిన్ స్క్రీన్లు విస్తరాకుల్లా ఒకదాని మీదొకటి పేర్చాడు. యూజర్ పాస్‌వర్డ్ కొట్టి లోపలికెళ్లాడు. బ్యాక్ నొక్కితే లాగిన్. మళ్లీ నొక్కితే మళ్లీ లాగిన్. టెస్టర్ బగ్ రాస్తే, "నా ఫోన్‌లో బాగానే ఉంది" అని మూసేస్తారు. డెవలపర్ ఫోన్‌లో టోకెన్‌కి గడువు తీరే తీరికేదీ!

ఆండ్రాయిడ్‌లో యాప్ మూసి ఉన్నప్పుడు నోటిఫికేషన్ వస్తే కథ ఇంకా రక్తి కడుతుంది. ఫైర్‌బేస్ బ్యాక్‌గ్రౌండ్ హ్యాండ్లర్ వేరే ఐసొలేట్‌లో నడుస్తుంది. డార్ట్‌లో ఏ ఐసొలేట్ స్టాటిక్‌లు దానివే. అంటే మేకు ఉంది, తాళంచెవి ఉంది, ఇల్లే లేదు. తాళంచెవి కరెంట్‌స్టేట్ నల్. పక్కనే మనవాడు ధీమాగా పెట్టిన ఆశ్చర్యార్థకం. డార్ట్‌లో ఆ గుర్తు పెట్టడమంటే 'ఇది నల్ కాదు, ఒట్టు' అని చేతిలో చెయ్యేయడం. డార్ట్ ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి, ఎర్రర్ విసిరేస్తుంది.

అసలు ఆండ్రాయిడ్‌కి ఈ మొహమాటాలు లేవు. యాక్టివిటీ కానివాడు ఇంకో యాక్టివిటీని లేపబోతే, న్యూ టాస్క్ ఫ్లాగ్ ఏదని గద్దించి, నీకు నిజంగా కావలసింది ఇదేనా అని ఎర్రర్‌లోనే నిలదీస్తుంది. పెళ్లిచూపుల్లో కూడా ఇంత సూటిగా అడగరు. మనవాళ్లు ఆ ప్రశ్న చదవరు, ఫ్లాగ్ పెట్టేసి టీకి వెళ్తారు.

దండోరా వేసేవాడు వీధిలో డప్పు కొట్టిపోతాడు, ఇళ్లలో దూరి మంచాలు ఎత్తడు. ఇంటర్‌సెప్టర్ పనీ అంతే: సెషన్ పోయిందని చాటాలి. ఆ మాట విని లాగిన్‌కి దారి మళ్లించుకోవడం రూటర్ పని. గోరూటర్‌లో రీడైరెక్ట్ ఉన్నది అందుకే. ఐదుసార్లు డప్పు కొట్టినా లాగిన్ ఒక్కటే వస్తుంది.

మొన్న కోడ్ రివ్యూలో ఇదంతా చెబితే మా కుర్రాడు శ్రద్ధగా తలూపాడు. సాయంత్రానికి, "అన్నా, ఐదు లాగిన్ల సంగతి తేల్చేశా" అన్నాడు. తీసి చూశాను. ఒక స్టాటిక్ బూలియన్ పెట్టాడు. మొదటి 401కి అది ట్రూ అవుతుంది. మళ్లీ ఫాల్స్ చేసే లైను ఎక్కడా లేదు. యాప్ మూసి తెరిచేదాకా, రెండోసారి గడువు తీరితే లాగిన్ స్క్రీనే రాదు.