పిట్టపోరు, పిల్లి తీర్పు

కోల్‌కతాలో పెద్దరోడ్డు మీద సైకిలు తొక్కితే జరిమానా. నదికి అవతల నబన్న సచివాలయంలో కూర్చుని సైకిళ్ళు పంచితే అంతర్జాతీయ బహుమతి. 2015లో మమతా బెనర్జీ ప్రభుత్వం మొదలుపెట్టిన ‘సబుజ్ సాథీ’ పథకం కింద తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా చదివే పిల్లలకి కోటికి పైగా సైకిళ్ళు అందాయి. ఆ పంపిణీని కంప్యూటర్ల మీద చక్కగా నడిపారని 2020లో ఐక్యరాజ్యసమితికి చెందిన టెలికమ్యూనికేషన్ సంస్థ మెచ్చుకుని బహుమతి కూడా ఇచ్చింది. ఏ సైకిలు ఏ బడికి చేరిందో ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చట. చేరిన సైకిలుని ఎక్కడ తొక్కాలో మాత్రం ఎక్కడా చూసుకోలేం.

తొక్కడానికి చోటు లేదు కాబట్టి అది ఫుట్‌పాత్ ఎక్కుతుంది. అసలు తమాషా అక్కడే మొదలు.

గరియాహాట్ ఫుట్‌పాత్ సంగతి తీసుకోండి. ఒక పక్క చీరలు, నైటీలు, పిల్లల చెడ్డీలు. ఇంకో పక్క గాజులు, చెప్పులు. మధ్యలో ఎగ్‌రోల్ పెనం, టీ బల్ల, దాని ముందు బెంచీ, బెంచీ మీద రాజకీయం. రావిచెట్టు మొదట్లో టైల్స్ అతికించిన దేవుడు. దేవుడి పక్కన కరెంటు పెట్టె. శరత్కాలం రాకముందే దుర్గమ్మ పందిరి వెదుళ్ళు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి పుస్తకం ప్రకారం ఫుట్‌పాత్ మీద ఏ అడ్డూ లేకుండా 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. ఆ పుస్తకం రాసినవారు గరియాహాట్‌కి పూజల ముందు బజారు చెయ్యడానికి వచ్చి ఉండరు. హాకర్లని నేనేమీ అనను. 1996లో ‘ఆపరేషన్ సన్‌షైన్’ పేరుతో రాత్రికి రాత్రి వాళ్ళ బడ్డీలు పీకేసి చూశారు, తిరిగొచ్చారు. 2024లో మళ్ళీ బుల్‌డోజర్లు తెచ్చారు, రెండు మూడు రోజుల్లోనే నెల గడువిచ్చి వెనక్కి తగ్గారు. బతుకు అక్కడ ఉన్నవాడు అక్కడే ఉంటాడు.

ఇంత సరంజామా పోగా మిగిలిన సందులో ఒక నడిచేవాడు, ఒక సైకిలువాడు ఎదురెదురు పడతారు. నడిచేవాడికి మోకాళ్ళ నొప్పులు, చేతిలో చేపల సంచి. సైకిలువాడికి వెనక క్యారియర్ మీద ప్లంబింగు పైపులు, అవి రెండు వైపులా మూరెడు బయటికి. బెల్లు మోగుతుంది. ‘ఓ దాదా, ఇది నడిచేదారి, నీ అత్తారింటి పెరడనుకున్నావా?’ అని ఇతను. ‘మరి రోడ్డు మీద మీ బావగారు నిలబడి పట్టుకుంటున్నాడుగా, ఆయన్ని అడగండి’ అని అతను. మాటా మాటా పెరుగుతుంది. కోల్‌కతా కదా, అయిదు నిమిషాల్లో పన్నెండుమంది న్యాయమూర్తులు టీ గ్లాసులతో చేరతారు. సగం మంది నడకపక్షం, సగం మంది చక్రపక్షం. ఎవరో ఒకరు తప్పకుండా లెనిన్‌ని ఉదాహరిస్తారు. పక్కనే నల్లటి అద్దాల కారు నో పార్కింగ్ బోర్డు కింద హాయిగా ఆగి ఉంటుంది. దాని గురించి తీర్పు చెప్పే బెంచి ఇంకా కూర్చోలేదు.

ఇద్దరిలో ఎవరిది న్యాయం అంటే, నడిచేవాడిదే. సందేహం లేదు. ఫుట్‌పాత్ మీద చక్రం తిరగకూడదు, అది సైకిలుదైనా సరే. ముసలావిడ నడుం విరిగాక ‘నేను పేదవాణ్ణి’ అని చెబితే ఎముక అతుక్కోదు. బెల్లు కొట్టి దారి ఇప్పించుకోవడం ఒక హక్కు అనుకునే సైకిలువాళ్ళు ఉన్నారు, కొత్తగా ఫోన్ చూసుకుంటూ ఒంటిచేత్తో తొక్కేవాళ్ళూ తయారయ్యారు. వీళ్ళకి నాలుగు చీవాట్లు పడాల్సిందే. కానీ చీవాట్లు పెట్టే పెద్దమనిషి ఒక్క ప్రశ్న అడగడు: పక్కనే పాతికడుగుల రోడ్డుండగా ఇతను ఈ ఎగ్‌రోల్ పెనం పక్కన చెయ్యి కాల్చుకుంటూ ఎందుకు దూరాడు?

ఎందుకంటే రోడ్డు ఇతనిది కాదని రాతపూర్వకంగా తేల్చేశారు గనక. 2006లో కేంద్ర ప్రభుత్వం జాతీయ పట్టణ రవాణా విధానం తెచ్చింది. రోడ్లు వాహనాలని కాదు, మనుషుల్ని మోయాలి, నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ పెద్దపీట వెయ్యాలి అని అందులో చాలా మంచి మాటలున్నాయి. సరిగ్గా రెండేళ్ళకి, 2008లో, కోల్‌కతా పోలీసులు 38 రోడ్ల మీద సైకిళ్ళు నిషేధించారు. అప్పుడు గద్దె మీద ఉన్నది ఎవరనుకున్నారు? శ్రామికవర్గ పార్టీ. ఎన్నికల గుర్తులో సుత్తీ కొడవలీ పెట్టుకున్నవారికి ఆ సుత్తి పట్టుకున్నవాడు పనికి దేనిమీద వెళ్తాడో తెలియకపోవడం మార్క్సు కూడా ఊహించని వైరుధ్యం. 2011లో ఎర్రజెండా దిగి గడ్డిపూల జెండా ఎగిరింది. మార్పు వచ్చింది: 2013 నాటికి నిషేధం 174 రోడ్లకి పెరిగింది. పాలవాడు, పేపరువాడు, తాపీమేస్త్రీ వీధికెక్కి అరిచాక జాబితాని అరవై రెండుకి కుదించారు. దానికి కృతజ్ఞతలు కూడా చెప్పించుకున్నారు.

పోలీసుల వాదన చాలా సూటిగా ఉంటుంది. నగరంలో రోడ్లకున్న చోటే ఆరేడు శాతం. మెల్లగా పోయేవి అడ్డొస్తే వేగంగా పోయేవి ఆగిపోతాయి. అందుకని మెల్లగా పోయేవాటిని తీసేశాం. వినడానికి లెక్క సరిగ్గానే ఉంది. అయితే ఒక్క మనిషిని మోసుకుపోయే కారు ఆక్రమించే చోటులో నాలుగైదు సైకిళ్ళు పడతాయి. చోటు తక్కువున్న ఇంట్లోంచి బక్కవాణ్ణి గెంటి లావుపాటివాడికి మంచం వేశారు. పైగా ఆ లావుపాటివాడు పరుగెత్తుతున్నాడా అంటే, సాయంత్రం ఆరింటికి శియాల్దా వైపు వెళ్ళి చూడండి. సైకిలు తీసేసిన రోడ్డు మీద కార్లు సైకిలు వేగాన్నే పాకుతుంటాయి.

ఇంకో లెక్క ఉంది. కోల్‌కతా నగరపాలిక కారు ఆపుకోవడానికి గంటకి పది రూపాయలు పుచ్చుకునేది. 2023 ఏప్రిల్‌లో ఆ పదిని ఇరవై చేసింది. ఊరంతా గగ్గోలు. ముఖ్యమంత్రికి చెప్పకుండా పెంచారట, ఆవిడ మనసు నొచ్చుకుందట. వారం గడిచిందో లేదో నగరపాలిక చెంపలేసుకుని పాత రేటే ఖాయం చేసింది. పేదల పెన్నిధి అంటే అలా ఉండాలి. అదే సైకిలు నిషేధపు రోడ్డు మీద దొరికితే చలానా వంద రూపాయల నుంచి మొదలు. కట్టలేకపోతే సైకిలు ఠాణాకి, లేదా టైర్లలో గాలి ఆకాశానికి. అంటే సైకిలువాడు రోడ్డు మీద రెండు నిమిషాలు కదిలినందుకు కట్టే డబ్బుతో కారు అదే రోడ్డు మీద పది గంటలు కదలకుండా పడి ఉండొచ్చు. అడ్డు అన్న మాటకి పోలీసు నిఘంటువులో అర్థం ఏమిటో వేరే చెప్పాలా?

పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని మన పెద్దలన్నది దీన్ని చూసే అయ్యుంటుంది. ఇక్కడి పిల్లి ఇంకా తెలివైనది, తీర్పు చెప్పడానికి కూడా రాదు. ఏసీ వేసుకుని, అద్దం ఎత్తుకుని, పిట్టలకి ట్రాఫిక్ జ్ఞానం లేదని నిట్టూరుస్తుంది. దాని సౌకర్యం కోసం ఫుట్‌పాత్ అంచుల్లో నీలం తెలుపు రంగు కంచెలు కూడా వేశారు. నడిచేవాళ్ళ భద్రత కోసమట. ఒకసారి లోపలికెళ్ళినవాడు మళ్ళీ కంచె తెరుచుకునేదాకా సైకిలుతో, సంచితో, చీరల వాడితో అక్కడే తేల్చుకోవాలి.

2015 మరీ మంచి సంవత్సరం. సబుజ్ సాథీ సైకిళ్ళు మొదలైన ఆ ఏడే పార్క్ సర్కస్ నుంచి ఈస్టర్న్ మెట్రోపాలిటన్ బైపాస్ దాకా ‘మా’ ఫ్లైఓవర్ తెరిచారు. ‘మా, మాటీ, మానుష్’ అన్నది అప్పటి అధికార పార్టీ నినాదం. అమ్మ పేరు పెట్టిన ఆ వంతెన మీద మట్టి కాళ్ళ మానుష్ నడవకూడదు, అమ్మ ఇచ్చిన సైకిలూ ఎక్కకూడదు. నినాదంలో మొదటి మాటకి తారు పోశారు, మిగతా రెండింటికీ ప్రవేశం లేదు.

అలాగని సైకిలు అవసరం ప్రభుత్వానికి తెలియక కాదు. 2020 జూన్‌లో మెట్రో లేదు, లోకల్ రైళ్ళు లేవు, బస్సెక్కితే కరోనా భయం. సోనార్‌పూర్ నుంచీ బారుయిపూర్ నుంచీ జనం పనుల కోసం తొక్కుకుంటూ నగరంలోకి వచ్చారు. అప్పుడు పోలీసులే సైకిళ్ళకి కొంత దారి వదిలారు, ప్రత్యేక సైకిలు దారుల ప్రణాళికలు మాటల్లో మహా జోరుగా కదిలాయి. రైళ్ళు కూత పెట్టగానే సైకిలు మళ్ళీ నేరస్తుల జాబితాకెక్కింది. మహమ్మారి వస్తే వీరుడు, పోతే విఘ్నం.

ప్రత్యేక దారులు వేస్తే గొడవ పోతుందంటారు. న్యూటౌన్‌లో వేశారు. కొత్త ఊరు, విశాలమైన రోడ్లు, పక్కన రంగు పూసిన సైకిలు దారి. ఆ దారిలో పొద్దున్నే నలుగురు మిత్రులు పక్కపక్కన నిలువు గోడలా నడుస్తూ చక్కెర వ్యాధి గురించి చర్చిస్తారు. వెనక బెల్లు మోగితే ‘వాకింగ్ చేస్తుంటే కనబడటంలేదా’ అని కసురుకుంటారు. ఎనిమిదింటికి వాళ్ళు వెళ్ళగానే టీ బళ్ళు వస్తాయి, తర్వాత కార్లు వచ్చి ఆగుతాయి. సాయంత్రం వాళ్ళలోనే ఒకాయన ఫోన్‌లో బంగాళాదుంప వేసిన బిర్యానీ ఆర్డరిస్తాడు. తెచ్చే కుర్రాడు సైకిలు మీదే వస్తాడు. దారిలో కార్లుంటే ఫుట్‌పాత్ ఎక్కి వస్తాడు. పదినిమిషాలు ఆలస్యమైతే ఈయన ఒక్క నక్షత్రం ఇస్తాడు, పొద్దున్న బెల్లు కొట్టిన సైకిలువాడికి ఆ నక్షత్రం కూడా ఇవ్వలేదు కదా అని సంతోషిస్తాడు.

ఇదంతా బెంగాలీల వెర్రి అని మన తెలుగువాళ్ళం చంకలు గుద్దుకోనక్కర్లేదు. మన దగ్గర సైకిలుకి సచివాలయం దాకా వెళ్ళే దారి ఉంది, జెండా మీద. దిగి తొక్కడానికి విజయవాడలో ఎంత చోటుందో తొక్కినవాణ్ణి అడగండి. హైదరాబాద్‌లో 2023 అక్టోబరు 1న ఔటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి ప్రారంభించారు. పైన సోలార్ పలకల కప్పు, ఎండ తగలదు, వాన తడపదు. ముచ్చటైన దారి, అబద్ధమెందుకు. కాకపోతే దాని దగ్గరికి చేరాలంటే చాలామంది సైకిలుని కారు వెనక కట్టుకుని వెళ్ళాలి. కారులో వచ్చే సైకిలుకి కప్పు, కూలికెళ్ళే సైకిలుకి లారీ పక్కన మట్టి అంచు. అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద మనకి సైకిళ్ళ బాధ లేనేలేదు, అక్కడ మోటారు సైకిళ్ళే నడుస్తాయి.

పైగా ఒకప్పుడు మన పోస్టుమాస్టర్లూ బడి పంతుళ్ళూ కొబ్బరినూనె రాసి తుడుచుకుని మురిసిపోయిన సేన్ ర్యాలీ సైకిలు బెంగాల్ నుంచి, ఆసన్‌సోల్ కార్ఖానా నుంచి వచ్చిందే. కలకత్తా పెద్దమనుషులకి సైకిలంటే అంత చులకన ఉండేది కాదు. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ లాంటివాళ్ళే హేమేంద్రమోహన్ బోస్ అనే వ్యాపారి దగ్గర తొక్కడం నేర్చుకున్నారు. 1926లో బిమల్ ముఖర్జీ అనే యువకుడు కలకత్తా నుంచి సైకిలు మీద బయల్దేరి ప్రపంచం చుట్టి 1937లో ఇల్లు చేరాడు. ఎడారులు దాటాడు, మంచు దాటాడు. ఇవాళ అయితే ధర్మతల దాటేవాడు కాదు. తెల్ల యూనిఫారం సార్జంటు చెయ్యి చాపి ‘ఎక్కడికి?’ అనేవాడు. ‘ప్రపంచం చుట్టి రావడానికండీ’ అంటే, ‘చుట్టు, కానీ ఈ రోడ్డు మీద కాదు, పక్క సందులోంచి చుట్టు’ అనేవాడు.

2025 మేలో సుప్రీంకోర్టు, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. చాలా మంచి తీర్పు. దాన్ని అమలు చేయడం ఎలాగో పోలీసులకి వెంటనే అర్థమైపోతుందని నా భయం: ఫుట్‌పాత్ మీంచి సైకిలువాణ్ణి దింపెయ్యడం. రోడ్డు మీద కుదరదు, ఫుట్‌పాత్ మీద కుదరదు. నూటికి దాదాపు ఎనభై ఇళ్ళలో సైకిలున్న రాష్ట్రం బెంగాల్, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో దేశంలోకెల్లా మొదటి స్థానం. అన్ని సైకిళ్ళనీ గోడకి ఆనించి దండ వేసుకోవాలి కాబోలు.

అందుకని అధికారులకి ఒక సలహా ఇస్తున్నాను, ఖర్చు లేనిది. రెండు సబుజ్ సాథీ సైకిళ్ళని పక్కపక్కన తాడుతో కట్టెయ్యండి. నాలుగు చక్రాలయ్యాయి. ముందు ఒక హారను, వెనక ‘పోలీస్’ అనో ‘ప్రెస్’ అనో స్టిక్కరు. ఇంక ఏ సార్జంటూ ఆపడు, వీలైతే సెల్యూట్ కూడా కొడతాడు. నడిచేవాడి సంగతి ఇంకా సులువు. మెడలో ఒక నంబరు ప్లేటు తగిలించుకుని, గంటకి పది రూపాయల రశీదు తీసుకుని, రోడ్డు అంచున ఆగి ఉన్న కారునని ప్రకటించుకుంటే సరి. కదలకుండా ఎంతసేపైనా నిలబడొచ్చు, ఎవరూ గుద్దరు, ఎవరూ పొమ్మనరు. కట్టేసిన సైకిళ్ళవాడూ అదే రేటు చొప్పున పక్కన ఆపుకుంటాడు. ఇద్దరి దగ్గరా కలిపి గంటకి ఇరవై. నగరపాలిక కార్ల దగ్గర వారం రోజులు కూడా వసూలు చెయ్యలేకపోయిన రేటు అది, వీళ్ళిద్దరూ నోరెత్తకుండా కట్టేస్తారు.