డబ్బా కట్టండి, ఫొటో అంటించండి

హైదరాబాద్‌లో కూర్చుని పరాయి దేశపు నగరాలకు త్రీడీ నమూనాలు కట్టే ఉద్యోగంలో కొత్తగా చేరారా? శుభం. మొదటి ప్రాజెక్టు హెల్సింకి అనుకుందాం. ఎంతవరకు ఉన్నదున్నట్టు చూపాలి, ఎంతవరకు సరళం చెయ్యాలి అని మీ సీనియర్లు తలలు పట్టుకుంటారు. మీరు పట్టుకోకండి. క్లయింట్ చూసే చోట ఉన్నదున్నట్టు, మనకు కష్టమైన చోట సరళం.

1. డెమోలో కెమెరా ఏ దారిన తిరుగుతుందో ముందే కనుక్కోండి. సెనేట్ స్క్వేర్‌కే వెళ్తుంది, ఇంకెక్కడికి? బడ్జెట్ మొత్తం అక్కడి తెల్ల చర్చి మీద పొయ్యండి. నడిమి పెద్ద గుమ్మటం, చుట్టూ నాలుగు చిన్నవి, కప్పు మీద నిలబడ్డ 12 మంది అపొస్తలులు, వాళ్ల అంగీల మడతలతో సహా చెక్కండి. మిగతా ఊరంతా ఎల్ఓడీ (వివరాల స్థాయి) 1. అంటే నేల మీది గీతను పైకి లాగితే వచ్చే డబ్బా. ఎవరైనా నిలదీస్తే ‘అవసరానికి తగ్గ సరళీకరణ’ అనండి. ఈ మాటకు ఎదురు చెప్పినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

2. డబ్బా ఎత్తు ఎక్కడ కొలవాలి? చూరు దగ్గరా, కప్పు కొన దగ్గరా, రెంటికీ మధ్యా? ఈ ఇంటికి చూరు, పక్కింటికి కొన, ఏ పూట ఏది తోస్తే అది. ఏది తీసుకున్నారో ఎక్కడా రాయకండి. రాస్తే సరిచూస్తారు. మీటరు తేడాకు కొంపలేం మునగవు. డిసెంబరులో పగలు అతి చిన్నదైన రోజున హెల్సింకిలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దాదాపు ఆరున్నర డిగ్రీల ఎత్తుకు మించి రాడు, మీటరు తప్పితే నీడ దాదాపు 9 మీటర్లు తప్పుతుంది అని ఎవరో ఒకరు లెక్క తీస్తారు. తియ్యనివ్వండి. ఆ నీడ పడ్డ ఇంటావిడ మాదాపూర్ దాకా వచ్చి అడగదు కదా.

3. వాలు కప్పుల జోలికి పోకండి. ఏ కప్పు దక్షిణానికి తిరిగి ఉంది, వాలెంత అన్నది తెలిస్తేనే సోలార్ పలకలకు ఎంత ఎండ దక్కుతుందో తేలుతుంది. హెల్సింకి తన నమూనాతో అలాంటి లెక్కలే కట్టుకుంది. కప్పులన్నీ బల్లపరుపుగా పెట్టేస్తే ప్రతి ఇంటికీ ఒకే ఎండ. గొడవే లేదు.

4. గోడల మీద ఫొటో అంటించండి. కిటికీలు ఉన్నట్టే కనిపిస్తాయి. ఎన్ని ఉన్నాయో చెప్పమంటే సాఫ్ట్‌వేర్ సున్నా అంటుంది. దానికి చూపు సరిగా లేదని చెప్పండి. చిన్న చిక్కు ఒకటుంది. ఫొటో తీసిననాటి నీడలు గోడలకు అతుక్కునే ఉంటాయి. నమూనాలో సూర్యుణ్ణి పడమటికి జరిపినా పొద్దుటి నీడ కదలదు. వాటిని తుడవడం పెద్ద చాకిరీ. అందుకని డెమోలో గడియారాన్ని ఉదయం పది దగ్గరే ఆపేయండి. నగరం ఎప్పుడూ పొద్దుపొద్దున్నే ఉంటుంది, క్లయింటుకూ హుషారుగా ఉంటుంది.

5. అసలు సుఖమంతా మెష్‌లో, అంటే ఊరంతటి మీదా పరిచిన ఒకే త్రిభుజాల వలలో ఉంది. విమానం నుంచి తీసిన ఫొటోలు కంప్యూటర్‌లో పడేసి ఇంటికెళ్లండి, తెల్లారేసరికి ఊరు తయారు. చెట్లు కాలీఫ్లవర్లలా వస్తాయి, కార్లు సగం రోడ్డులో కూరుకుపోతాయి, ఇల్లెక్కడ ముగిసి చెట్టెక్కడ మొదలైందో దానికి తెలియదు. హెల్సింకి వాళ్లు అమాయకులు. మెష్ ఒకటి, గోడ గోడగా కప్పు కప్పుగా విడివిడిగా గుర్తుపెట్టిన సిటీజీఎంఎల్ (నగర నమూనాల ప్రామాణిక ఫార్మాట్) నమూనా ఇంకొకటి, రెండూ చేయించుకున్నారు. మీరు మెష్ ఒక్కటే ఇచ్చి ‘అన్నీ ఇందులోనే ఉన్నాయి’ అనండి. అబద్ధమేం కాదు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి.

6. లోపలి గదులు కూడా కావాలని ఎల్ఓడీ 4 అడిగితే వెంటనే ఒప్పుకుని అడ్వాన్స్ పుచ్చుకోండి. 2021లో వచ్చిన సిటీజీఎంఎల్ 3.0లో ఎల్ఓడీ 4 అన్నదే ఎత్తేశారని డెలివరీ నాడు చల్లగా చెప్పండి. ఇప్పుడు గదుల్ని ఏ స్థాయిలోనైనా చూపొచ్చని కూడా అందులోనే ఉంది. ఆ పేజీ తిప్పకండి.

7. గోడకూ కప్పుకూ మధ్య సందు మిగిలితే ఇంటి ఘనపరిమాణం లెక్కకు రాదు. సందుకు అడ్డంగా చెట్టు పెట్టండి. నాణ్యత చూసే క్యూసీ వాళ్లు చెట్టు జరిపి చూస్తే ఇంకో చెట్టు పెట్టండి. లైబ్రరీలో కొబ్బరి చెట్టు తప్ప ఏదీ మిగలకపోతే అదే పెట్టేయండి. హెల్సింకి నుంచి ఫోనొచ్చేసరికి మీరు వేరే ప్రాజెక్టులో ఉంటారు.