గట్టు మీద మోత: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

చల్ల నున్న వేళ చప్పుడు వినుమన్న
నీటి ధార చూడు నిలిచి నిలిచి
పూత చూచి మురిసి పొరబడి కొనబోకు
గట్టు మీద మోత గంగపాలు

అవతారిక

పద్యకర్త మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే ఉద్యోగి. కాకినాడ దగ్గర ఉప్పాడలో వేటకు వెళ్లే మామయ్య పడవకు ఇంజను కావాలి. కొత్తది అందని ధర. పడవ వెనక తగిలించే ఇంజను, అంటే అవుట్‌బోర్డు, సెకండ్ హ్యాండ్‌ది ఒకటి కొండాపూర్‌లోనే ఉందని తెలిసింది. ప్రకటనలో మూడే విశేషణాలు: తక్కువ వాడకం, సౌండ్ అస్సలు లేదు, పెట్రోల్ పోస్తే చాలు. మేనల్లుడు సంబరపడి ఫోన్ చేశాడు. మామయ్య నాలుగు మాటలు చెప్పి పెట్టేశాడు. కనుక పద్యంలో విషయం మామయ్యది, గణాలు మేనల్లుడివి.

మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిన పట్టిన మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. ప్రస్తుత వ్యాఖ్యాత మొదటి ప్రతినకు కట్టుబడతాడు. రెండోదానికి మినహాయింపు కోరుతున్నాడు.

ప్రతిపదార్థం

అన్న = ఓ అన్నా (క్యాబ్ డ్రైవర్ మొదలు మేనేజర్ దాకా ఈ ప్రాంతంలో అందరికీ చెల్లే సంబోధన); చల్లనున్న వేళ = ఇంజను ఇంకా వేడెక్కని సమయాన; చప్పుడు వినుము = దాని శబ్దాన్ని ఆలకించుము; నిలిచి నిలిచి = తొందరపడక; నీటి ధార = ఇంజను పక్కనుంచి సన్నగా చిమ్మే నీటిని; చూడు = గమనించుము; పూత చూచి = కొత్తగా కొట్టిన పెయింటును చూసి; మురిసి, పొరబడి కొనబోకు = స్పష్టం; గట్టు మీద మోత = నీటిలో దిగకుండా చేసే శబ్దం; గంగపాలు = దండుగ.

టీక

చల్ల నున్న వేళ. చల్ల అంటే మజ్జిగ, కాబట్టి మజ్జిగ తాగే మధ్యాహ్నం వేళ అని కొందరు. అది చింత్యం. మధ్యాహ్నానికి అమ్మేవాడు ఇంజనును రెండుసార్లు తిప్పి వేడి చేసి ఉంటాడు. వేడెక్కిన ఇంజను చాలా రోగాలు దాచుకుంటుంది. ‘ఒక్క గుంజుడుకే స్టార్టయితది అన్నా’ అన్నప్పుడు ముందు మూత తీసి సిలిండర్ మీద చెయ్యి ఆనించాలి. వెచ్చగా తగిలితే ఆ ఒక్క గుంజుడు ఎన్నోదో లెక్క తేలదు. అందుకే పొద్దున్న ఆరింటికి వెళ్లమన్నాడు మామయ్య. ఇంజను చల్లగా ఉంటుంది, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద హారన్లు ఇంకా మొదలుకావు, చెవికి పని దొరుకుతుంది.

చప్పుడు వినుము. ఇక్కడ ఒక శంక. సౌండ్ లేని ఇంజనే మంచి ఇంజను కాదా? కాదు. టూ స్ట్రోక్ అవుట్‌బోర్డు ఐడిల్‌లో తడబడుతూనే కొట్టుకుంటుంది. నిప్పు అన్నిసార్లూ సరిగ్గా అంటుకోకపోవడం దాని స్వభావం. యాక్సిలరేటర్ ఇవ్వగానే సర్దుకుంటే చాలు. ఫోర్ స్ట్రోక్ నెమ్మదిగా పలుకుతుంది. అందులో టకటక వినిపిస్తే వాల్వు సర్దుబాటు కావచ్చు, దానికి భయపడనక్కరలేదు. భయపడాల్సింది లోపలి నుంచి లోతుగా వచ్చే దెబ్బకు, అదీ బరువు పడ్డప్పుడు పెరిగితే.

అసలు రహస్యం శబ్దం ఎంతుందన్నది కాదు, ఎలా మారుతోందన్నది. రెండు సిలిండర్ల ఇంజను నడుస్తుండగా తెలిసిన మెకానిక్ ఒక్కో ప్లగ్గు వైరును వేరుచేసి చూస్తాడు. తీసిన వైరును ఇంజను లోహానికి ఆనించి ఉంచుతాడు. లేకపోతే ఇగ్నిషన్‌కు దెబ్బ, చేతికి షాకు. వైరు తీయగానే ఇంజను కుంటితే ఆ సిలిండర్ బతికే ఉంది. ఏమీ మారకపోతే అది ఎప్పుడో పోయింది. మిగిలినది ఒంటరిగా సంసారం ఈదుతోంది. తర్వాత గేజీ పెట్టి కంప్రెషన్ కొలిస్తే రెంటి మధ్య తేడా సుమారు పది శాతం లోపు ఉండాలి.

నీటి ధార. అవుట్‌బోర్డు చెరువు నీటినే పీల్చి ఒళ్లు చల్లబరుచుకుంటుంది. పంపు పనిచేస్తోందనడానికి ఆ సన్నని ధారే సాక్షి. పంపులో తిరిగేది రబ్బరు ఇంపెల్లర్. నీళ్లు లేకుండా తిప్పితే త్వరలోనే మాడిపోతుంది. కాబట్టి పొడిగా స్టార్ట్ చేసి చూపించేవాడు ఇంజను గొప్పను కాదు, తన అజ్ఞానాన్ని చూపిస్తున్నాడు. నిలిచి నిలిచి అన్న ద్విరుక్తి పాదపూరణం కాదు. మొదట బాగా చిమ్మి, వేడెక్కాక సన్నబడే ధారలు ఉంటాయి. ధార రాకపోతే ‘చెత్త అడ్డం పడ్డది’ అంటారు. నిజమూ కావచ్చు, రంధ్రంలో సన్నని తీగ దూర్చి చూడాలి. గుర్రపుడెక్క పెరిగే మన చెరువుల్లో అయితే కింద నీళ్లు పీల్చే జల్లెడ కూడా మూసుకుపోతుంది.

పూత చూచి. ఇది సుగమం. బోల్టుల తలలకు కూడా పెయింటు అంటి ఉంటే, ఏదో కప్పడానికే కొట్టారు. సముద్రంలో తిరిగిన ఇంజనుకు ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. కింది గేర్ పెట్టె స్క్రూ విప్పి ఆయిల్ చూడాలి. ఇరానీ చాయ్ రంగులో ఉంటే లోపలికి నీళ్లు చేరాయి, సీలు పోయింది.

పూతతో పాటు పేరూ చూడాలి. ఓలే ఎవిన్‌రూడ్ తన అవుట్‌బోర్డుకు 1911లో పేటెంట్ పొందాడు. ఆయన పేరుతో వచ్చిన ఇంజన్ల తయారీ 2020లో ఆగిపోయింది. యమహా 1960 నుంచి చేస్తూనే ఉంది. నమ్మకం అంటే చెడిపోకపోవడం ఒక్కటే కాదు. చెడిపోయినప్పుడు కాకినాడలో సామాను దొరకడం.

గట్టు మీద మోత. పద్యానికి ప్రాణం ఇది. చాలా అవుట్‌బోర్డుల్లో పొగ ప్రొపెల్లర్ మధ్యలోంచి నీటి అడుగుకు పోతుంది. చప్పుడును నీళ్లు మింగుతాయి. ఒడ్డున పైపుతో నీళ్లు పెట్టి తిప్పితే మంచి ఇంజను కూడా గావుకేకలు పెడుతుంది. నీళ్లలో చెడ్డది కూడా సాధువులా కనిపిస్తుంది. అయితే ఒడ్డున బరువు లేదు కనుక బేరింగు దెబ్బ వినిపించదు. ప్రొపెల్లర్ లోపలి రబ్బరు జారిపోతే ఇంజను రయ్యిమంటుంది, పడవ మాత్రం కదలదు. ఈ సంగతి గట్టు మీద ఎలా తెలుస్తుంది? నీళ్ల డ్రమ్ములో దించినా ఇంజను పడవను తొయ్యదు. ‘నా లాప్‌టాప్‌లో పనిచేసింది’ అనే మాటకు మూలకారుడు ఆఫీసులో ఎన్నిసార్లు బలయ్యాడో ఈ పాదం చెబుతోంది.

శంక: మాదాపూర్ పక్కనే దుర్గం చెరువు ఉంది కదా, అందులో దించరాదా? కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకు తాగునీళ్లిచ్చిన చెరువది. ఇప్పుడు అక్కడ బోట్లు తిప్పేది పర్యాటక సంస్థ. ఇంజను తగిలించుకుని వెళ్లడానికి అదేం అత్తవారి చెరువు కాదు. అమ్మేవాడి పడవ ఎక్కడుంటే అక్కడికి, పెట్రోలు మనమే పోసి, వెళ్లాలి. ఫుల్ స్పీడులో పావుగంట తిప్పి, ఐడిల్‌కు దించి, ఆపి, వెంటనే మళ్లీ స్టార్ట్ చేయాలి. వేడి మీద మొరాయించేవి అప్పుడే బయటపడతాయి.

తాత్పర్యం

చల్లగా ఉన్నప్పుడు విను, నీరు చిమ్మడం ఓపికగా చూడు, రంగుకు పడిపోకు, నీళ్లలో నడిపించనిదే డబ్బు తీయకు.

విశేషం

వెల సంగతి మూలంలో లేదు. మామయ్య ఫోన్ పెట్టేయడమే అందుకు కారణం. ఇంపెల్లర్, ప్లగ్గులు, గేర్ ఆయిల్ మార్చడం చిన్న ఖర్చులు. వాటిని చూపించి ధర తగ్గించమనవచ్చు. కంప్రెషన్‌లో తేడా ఉంటే బేరమే వద్దు. ‘ఆలోచించి చెప్తానన్నా’ అని లేచి రావాలి. తిరుగు దారికి మెట్రో స్టేషన్ ఎలాగూ దుర్గం చెరువు పేరుతోనే ఉంది.