కూర్చుంటే 500, నీడ కావాలంటే అడుగుకు 5

జనానికి కోపం ఎక్కువగా ఉంది, ఖజానాలో డబ్బు తక్కువగా ఉంది. ఈ రెంటినీ కలిపి ఒకే రసీదు పుస్తకంలో ఎక్కిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన మన తెలుగు రాష్ట్రాల్లో ఎవరికీ తట్టలేదు. ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్ నగరపాలక సంస్థకు తట్టింది. 2025లో అక్కడి సర్వసభ్య సమావేశం ఖాయం చేసిన లెక్క ఇది: ధర్నా, ప్రదర్శన లాంటివి చెయ్యాలంటే 500 రూపాయలు కట్టాలి. పందిరి వేసుకుంటే చదరపు అడుగుకు 5 రూపాయలు వేరే.

లెక్కల మాస్టారికి తప్ప ఇంకెవరికీ తోచని సదుపాయాలు ఇందులో ఉన్నాయి. పందిరి కింద బాసింపట్టు వేసుక్కూర్చున్న మనిషికి 4 చదరపు అడుగులు చాలు, అంటే 20 రూపాయలు. బక్కపలచటి ఉద్యమాలకు కొంత ఆదా. ఆమరణ నిరాహార దీక్ష మాత్రం ఖరీదైన వ్యవహారం. మూడో రోజుకల్లా మనిషి నడుం వాలుస్తాడు. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, వెరసి 15 చదరపు అడుగులు, 75 రూపాయలు. అన్నం మానేసినవాడి దగ్గర భోజనం డబ్బులు వసూలు చెయ్యగలిగిన సంస్థ దేశంలో ఇదొక్కటే కావచ్చు.

ఇక ఆ పందిరి గుడ్డ ఊరికే రాదు. టెంట్ హౌస్ వాడు పక్కా బిల్లు ఇస్తే 18 శాతం జీఎస్టీ. కింద నేలకి నగరపాలక సంస్థ, పైన గుడ్డకి జీఎస్టీ. మధ్యలో ఉన్న గాలి మాత్రం ఇంకా ఉచితమే. దీని గురించి పైకి అనకండి, ఎవరైనా రాసుకుంటారు.

అసలు రుచి ఈ రుసుములో లేదు, వెనకటి కథలో ఉంది. 2022 ఏప్రిల్లో, కాంగ్రెస్ పాలిస్తున్న రోజుల్లో, ఛత్తీస్‌గఢ్ హోం శాఖ సభలకూ ధర్నాలకూ ఊరేగింపులకూ ముందస్తు అనుమతి తప్పదంటూ 19 షరతులు పెట్టింది. మన రాజ్యాంగంలో శాంతియుతంగా గుమిగూడే హక్కు ఉన్నదీ 19వ అధికరణంలోనే. ఎవరో కొంటె గుమాస్తా ఆ అంకె చూసి, ఒక్కో హక్కుకి ఎన్ని షరతులు పట్టొచ్చో కొలత అనుకున్నాడేమో. అప్పటి ప్రతిపక్షం భారతీయ జనతా పార్టీ దాన్ని నల్ల చట్టమంది, మే నెలలో జైల్ భరోకి దిగింది. ఇప్పుడు రాష్ట్రమూ ఆ పార్టీదే, రాయ్‌పూర్ మేయర్ పీఠమూ ఆ పార్టీదే. 500 రూపాయల రసీదూ ఆ చేతిమీదుగానే వచ్చింది. అభ్యంతరం చెప్పే వంతు కాంగ్రెస్‌ది. నల్లరంగు డబ్బా అదే, కుంచె చేతులు మారిందంతే.

మనం నవ్వడానికేం లేదు. హైదరాబాదు ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌ని 2017లో మూయించిన తెలంగాణ ప్రభుత్వం గుర్తుందిగా? 2018లో హైకోర్టు చెబితేగాని తలుపు తెరుచుకోలేదు. 2021 నవంబరు 18న వడ్ల కొనుగోలు కోసం అదే చౌక్‌లో, షామియానా కింద, సాక్షాత్తూ ఆ ప్రభుత్వాన్ని నడిపిన నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ మంత్రులతో సహా కూర్చున్నారు. అధికారంలో ఉన్నవాడికి కుర్చీ కనిపించినంత బాగా జంపఖానా కనిపించదు. అది కూడా ఒకనాటికి పనికొస్తుందని తర్వాత తెలుస్తుంది.

మళ్ళీ రాయ్‌పూర్‌కే వస్తే, నడిబొడ్డున బూఢా తాలాబ్ ఒడ్డున ఉండే ధర్నా స్థలాన్ని నవా రాయ్‌పూర్ వైపు తూతాకు పంపేశారు. బజారు జనం చూపు పడని చోటది. అక్కడ ఇచ్చిన నినాదం వినేవాళ్ళు ఇద్దరే: ఇచ్చినవాడు, కాపలా కానిస్టేబులు.

నిబంధనలే వద్దనేంత వెర్రి నాకు లేదు. రోడ్డుకి అడ్డంగా పందిళ్ళూ స్వాగత ద్వారాలూ లేచాక అంబులెన్సు ఎటు పోవాలన్నది నిజమైన ప్రశ్న. దాని మీద బిలాస్‌పూర్‌లోని ఛత్తీస్‌గఢ్ హైకోర్టుకు వెళ్ళినవాళ్ళున్నారు. డీజేల మోత మీద ఆ కోర్టే తనంతట తాను కేసు చేపట్టింది. నివాస ప్రాంతంలో పగటి హద్దు 55 డెసిబెల్లు. అంటే ఇద్దరు మామూలుగా కబుర్లాడుకునే మోత. రాయ్‌పూర్ ఊరేగింపులకు ప్రాణమైన ధుమాల్ మేళంవాళ్ళు డప్పు మీద దుమ్ము దులిపినా అది దాటిపోతుంది. ఈ మోతకు మందు, ఛత్తీస్‌గఢ్ మధ్యప్రదేశ్‌లో కలిసి ఉన్ననాటి 1985 కోలాహల నియంత్రణ చట్టం. దాని కింద పడే జరిమానా 500, 1,000 రూపాయలేనన్న మాట హైకోర్టు విచారణలోనే వచ్చింది. అంటే ఈ ఊళ్ళో గోల చేస్తే 500, గోడు చెప్పుకున్నా 500. తేడా ఒక్కటే. గోల చేసినవాడు దొరికితేనే కట్టాలి, గోడు చెప్పుకునేవాడు ముందే కట్టాలి.

ప్రభుత్వమే పండగ చేస్తే మాత్రం లెక్క తలకిందులవుతుంది. అప్పుడు వేదిక చుట్టూ డబ్బు ఇటు నుంచి అటు పోతుంది. 2012లో రాష్ట్రావతరణ వేడుకైన రాజ్యోత్సవంలో కరీనా కపూర్ కొద్ది నిమిషాల ఆటకు ముట్టజెప్పింది కోటీ 40 లక్షల రూపాయలు. నృత్యానికి చదరపు అడుగుకు ఎంత పడిందో ఎవరూ కొలవలేదు. ఆ పండగ పందిళ్ళ లాంటి సర్కారీ కొనుగోళ్ళకు 2002 నాటి భండార్ క్రయ (సరుకుల కొనుగోలు) నియమాలున్నాయి. 2024 నుంచి కొనుగోళ్ళు జెమ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్లో జరగాలన్నారు. ధరావతు కట్టాలి, మూడేళ్ళ టర్నోవరు చూపాలి, ఇలాంటి పని ఇదివరకు చేసి ఉండాలి. ఇదివరకు చేసినవాడే మళ్ళీ చెయ్యాలన్న నియమం ఉన్న చోట కొత్త టెంట్ హౌస్ కుర్రాడు పెళ్ళిళ్ళు చూసుకోవాల్సిందే.

తోపుడు బండివాళ్ళది ఇంకో గొడవ. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వాళ్ళే కూర్చోవాలి. అది కాగితం మీద మాట. రాయ్‌పూర్‌లో సైన్స్ కాలేజీ దగ్గర స్మార్ట్ సిటీ సొమ్ముతో చౌపాటీ కట్టారు. గుప్‌చుప్ (పానీపూరీ) బండ్లూ చాట్ కొట్లూ వచ్చాయి, సాయంత్రాలు కళకళలాడాయి. 2025 నవంబరులో బుల్‌డోజర్ వచ్చింది, కొట్లవాళ్ళని ఆమానాకాకు పొమ్మన్నారు. కట్టడానికి ప్రజల సొమ్మే, కూల్చిన బుల్‌డోజర్‌ డీజిలుకీ ప్రజల సొమ్మే. రూపాయి ఎక్కడా వృథా కాలేదు, రెండుసార్లు పనిచేసింది.

2024 వినాయక చవితికి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇలాంటి ముచ్చటే జరిగింది. మైకుకు రోజుకు 100, మూడు నుంచి ఆరడుగుల విగ్రహానికి 350, ఆపైన ఎత్తుకు 700 చలానా అన్నారు. గణపతికి అడుగుల లెక్కన టికెట్టా అని జనం గోల పెట్టారు, ముఖ్యమంత్రి రద్దు చేశారు. రాయ్‌పూర్ పెద్దలకూ అదే మనవి. ఈ 500 రూపాయల తీర్మానాన్ని తీసెయ్యడానికి పోలీసు, విద్యుత్, అగ్నిమాపక శాఖల ఎన్‌ఓసీలు ఏవీ అక్కర్లేదు. అదే సమావేశ మందిరంలో ఇంకొక తీర్మానం చాలు.