పరుపు సిద్ధాంతము

కోనసీమకు భూకంపము రాదనియు, వచ్చినను మన ఒండ్రునేల పరుపువంటిది గనుక ఆ కుదుపును తనలో ఇముడ్చుకొని మనల నిద్ర లేపకుండ సాగనంపుననియు ఒక సిద్ధాంతము కలదు. దీనిని నేను అమలాపురములో, కొత్తపేటలో, రాజోలులో ఇండ్లు కట్టించుచున్న ముగ్గురు పెద్దమనుష్యులయొద్ద వేర్వేరుగా వింటిని. ముగ్గురును తమ స్వంత ఆవిష్కరణముగానే సెలవిచ్చిరి.

ఈ పరుపు మహిమను చక్కగా అనుభవించినవారు మెక్సికో నగరవాసులు. 1985 సెప్టెంబరు 19న, సుమారు 350 కిలోమీటర్ల ఆవల పసిఫిక్ తీరమున పుట్టిన కంపనము, పూడిపోయిన చెరువుమట్టిపై వెలసిన ఆ నగరమును పట్టి ఊపి వందలాది భవనములను నేలగూల్చెను. మెత్తని మన్ను కుదుపును మ్రింగదు, పెంచును. దాని క్రింద నీరూరిన ఇసుక యున్నచో అది అంబలియై జారును. మన లంకలలో ఈ రెండింటికిని కరవు లేదు.

ఇక రాదను మాట. 1969 ఏప్రిల్ 13న భద్రాచలమునను, 2024 డిసెంబరు 4న 5.3 పరిమాణముతో ములుగునను నేల కదలినది ఈ గోదావరి లోయయందే. ఆ లోయ మనకు నీటిని మాత్రమే పంపునని పూచీ యెవరిచ్చిరో!

మా మిత్రుడొకరు వరిచేనును మెరక చేయించి, క్రింద కార్లకు ఖాళీ విడిచి, సన్నని స్తంభములపై మూడంతస్తులు లేపుచుండిరి. 2001 భుజ్ భూకంపమున ఎంతో దూరమందలి అహమ్మదాబాదులో కూలినవానిలో ఇట్టి మేడలు అనేకమని నేననగా, "మనకు ఈశాన్యం పెరిగింది కదండీ!" అనిరి. నిజమే, ఆ పెరుగుదలకై గోడను రెండుమారులు పడగొట్టించి, మెట్ల దిక్కు మార్పించి, వాస్తుపండితునకు పట్టుపంచెలు సమర్పించిన ఆయనకు, మట్టి పరీక్ష యనగానే లోకమందలి పొదుపంతయు జ్ఞప్తికి వచ్చెను.

స్తంభముల ఊచలకు చుట్టు రింగుల కొసలను 135 డిగ్రీలు వంచి కాంక్రీటు గర్భములోనికి దింపవలెనని భారతీయ ప్రమాణములు చెప్పును. ఊపు వచ్చినపుడు రింగు విడిపోక ఊచలను పట్టియుంచునది ఆ వంపే. నేను వంగి చూచితిని: కొసలు తొంబదికే ఆగి వెలుపలికి తొంగిచూచుచున్నవి. మేస్త్రి నవ్వి, "ఆయ్, తొంభయ్యారు తుపాన్ని చూసిన ఊరండి ఇది, భూకంపమెంతండి బాబూ!" అనెను. 1996 నవంబరు 6 నాటి గాలికి కొబ్బరితోటలు ఒరిగినమాట నిజము. కాని తుపాను రేడియోలో చెప్పి వచ్చెడి చుట్టము, భూకంపమునకు ఆ మర్యాద తెలియదు.

గృహప్రవేశమునాడు ముందరి దూలమునకు దిష్టి గుమ్మడికాయ వ్రేలాడుచుండెను. ఆ యింట ఊగుటకని తగిన ఏర్పాటుతో కట్టిన వస్తువు అది యొక్కటే. దాని కొక్కెమును మాత్రము మేస్త్రి ఎంతో శ్రద్ధగా లోనికి వంచియుండెను.