సైలెన్సరీయం (టీకా తాత్పర్య సహితం)

పాత బండి కింద పైపు మార్చితినంచు
డేర వీధి నెల్ల ఠీవిఁ దిరుగ
టర్బొ లేని దాని డప్పు మోతయె కాక
లాభమేమి గలదు లారి మామ!

అవతారిక: దుబాయ్ క్రీక్‌కు డేరా వైపు ఒడ్డున, దౌ పడవల దగ్గర ఫ్రిజ్‌లూ టైర్లూ దించి ఖాళీగా వచ్చే పికప్ డ్రైవర్లలో మనవాళ్లూ ఉన్నారు. అందులో ఒకాయన తన డీజిల్ బండికి రెండున్నర అంగుళాల పైపు పీకించి మూడంగుళాలది వేయించుకొని ఊరేగుతుండగా, పక్క సీటులోని అజ్ఞాత కవి రెండు చెవులూ మూసుకొని చెప్పిన ఆటవెలది ఇది. అయినా యతి చెడలేదు.

ప్రతిపదార్థం: పాత బండి కింద = టయోటా ల్యాండ్ క్రూజర్ 70 వరుస పికప్ అడుగున (1990లో వచ్చిన 1హెచ్‌జెడ్ ఇంజిన్ అని గ్రహించాలి; 4.2 లీటర్లు, ఆరు సిలిండర్లు); పైపు మార్చితినంచు = కంపెనీ పైపు కోయించి లావుపాటిది వెల్డింగ్ పెట్టించానని; డేర వీధి నెల్ల = నైఫ్, సబ్ఖా, బనియాస్ స్క్వేర్ అంతటా; ఠీవిఁ దిరుగ = పనేమీ లేకున్నా సెకండ్ గేర్‌లో చుట్లు కొట్టగా; టర్బొ లేని దాని = గాలిని తనంతట తానే పీల్చుకోవలసిన ఇంజిన్ యొక్క; డప్పు మోతయె కాక = చెవులు పగిలే శబ్దం తప్ప; లారి మామ = తోలేది పికప్పే అయినా ఊళ్లో లారీ డ్రైవరని చెప్పుకునే ఓ మామా!; లాభమేమి గలదు = లాగుడులో గాని, మైలేజీలో గాని ఏం ఒరిగింది?

‘డేరా’ను ‘డేర’ అనడం ఛందస్సు కోసం. పోలీసుల భయంతో దీర్ఘం తగ్గించాడనేవారూ ఉన్నారు.

తాత్పర్యం: టర్బో ఉన్న డీజిల్‌లో బయటికి పోయే పొగే చక్రాన్ని తిప్పి లోపలికి గాలి నెట్టిస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూకి 1905లో పేటెంట్ తీసుకున్న ఉపాయం ఇది. చక్రం దాటిన పొగకు దారి సాఫీగా ఉంటే టర్బో తొందరగా అందుకుంటుంది, పొగ వేడీ తగ్గుతుంది. అలాంటి బండికి లావు పైపు వేయించడం దండగ కాదు. అక్కడ కూడా డబ్బు పెట్టవలసింది టర్బోను ఆనుకొని ఉన్న మొదటి వంపు మీద. వెనక మెరిసే స్టీల్ మూతి మీద కాదు. మామ బండికి ఆ చక్రమే లేదు. రెండున్నర నుంచి మూడంగుళాలకు పోతే గొట్టం వైశాల్యం 44 శాతం పెరుగుతుంది నిజమే, ఇంజిన్ పీల్చే గాలి ఆ లెక్కన పెరగదు. పాత పైపు నలిగి, లోపల తుప్పు రేకులు ఊడి అడ్డం పడి ఉంటే మాత్రం కొత్తది వేశాక బండి తేలికపడుతుంది. ఆ పుణ్యం కొత్తదనానిది, లావుది కాదు.

పాఠాంతరం: మూడో పాదంలో ‘టర్బొ గల్గు దాని’ అని పైపులమ్మేవారి ప్రతుల్లో కనిపిస్తుంది. అలా చదివితే పద్యమే అబద్ధమవుతుంది కనుక గ్రాహ్యం కాదు.

అలంకారం: కావ్యానికి ధ్వని ఆత్మ అని ఆనందవర్ధనుడి సిద్ధాంతం. ఈ బండికి ఆత్మా అదే, శరీరమూ అదే. 2017 జులై 1 నుంచి అమలైన ఫెడరల్ జరిమానా పట్టికకు మాత్రం అంత రసికత లేదు: చప్పుడు బండికి 2,000 దిర్హాములు, 12 బ్లాక్ పాయింట్లు. అనుమతి లేకుండా ఇంజిన్‌నో చాసిస్‌నో మార్చితే 1,000 దిర్హాములు, మరో 12 పాయింట్లు, బండి 30 రోజులు లోపల. పాయింట్లు 24కు చేరితే లైసెన్సే పక్కకు పోతుంది. 2023లో దుబాయ్ తెచ్చిన 30వ నంబరు డిక్రీ ప్రకారం, వేగమో చప్పుడో పెంచేలా మార్చి పట్టుబడిన బండిని విడిపించుకోవాలంటే 10,000 దిర్హాములు. ధ్వనికి ఇంత ఖరీదు కట్టిన ఆలంకారికుడు మనలో ఎవరూ లేరు.

శంక: మరి నల్లపొగ మాటేమిటి? మామ పైపు మార్చింది అందుకే కదా?

సమాధానం: నల్లపొగ అంటే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. ముందు చూడవలసింది ఇసుకదుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టర్‌ని, ఆ తర్వాత అరిగిన ఇంజెక్టర్ నాజిళ్లని. ఎవరైనా పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచారేమో కూడా అడగాలి. పైపు సంగతి తేల్చడానికి తెలిసిన ఉస్తాద్ ఒక తడిగుడ్డతో సరిపెడతాడు: ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, గొట్టం మూతికి గుడ్డ అడ్డం పెడతాడు. లీకున్న చోట బుస్సుమంటుంది. మానిఫోల్డ్ గాస్కెట్ అంచున మసి చార కనిపిస్తే కొనవలసింది గాస్కెట్టే. పైపు పుచ్చిపోయి ఉంటే అదే కొలతది, అదే సైలెన్సర్‌తో వేయించుకుంటే ముల్కియా (బండి రిజిస్ట్రేషన్) రెన్యువల్ టెస్టులో ఎవరూ వంగి చూసి నవ్వరు. పొగ నీలంగా ఉందా, ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. అది రింగుల వ్యవహారం, ఈ పద్యానికి సంబంధం లేదు.

మామ ప్రస్తుతం ఎయిర్ హారన్ బేరమాడుతున్నట్టు వినికిడి. అది రెండో పద్యంలో వ్యాఖ్యానింపబడును.