ఊరు చూపించే మామ

పుంగనూరులో వీధికొక ఊరు చూపించే మామ ఉంటాడు. మా వీధి మామకు ఎరువుల అంగడి. పనిదినం నాడు ఆ అంగడి షట్టరు దించి ఉందంటే ఊళ్ళోకి ఎవరో కొత్తవాళ్ళు దిగినారనే లెక్క. వాళ్ళు ఆయన చుట్టాలే కానక్కరలేదు. తనింటికి ఎవరూ రాని నెలలో పక్కింటివాళ్ళ చుట్టాలను, ఎదురింటివాళ్ళ వియ్యంకులను అడిగి మరీ తీసుకుపోతాడు. ఒకసారి పెండ్లిచూపులకు వచ్చినవాళ్ళను కూడా వదల్లేదు. సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చేసరికి పిల్లను ప్రశ్నలడిగే ఓపిక ఎవరికీ లేదు. సంబంధం ఖాయమైంది. ఆ ఘనత ఇప్పటికీ మామ తన ఖాతాలోనే రాసుకుంటాడు.

అందుకే బెంగుళూరులో ఉద్యోగాలు చేసుకునే నా స్నేహితులు ఇద్దరు, ఒకడు కాకినాడ వాడు, ఇంకొకడు వరంగల్ వాడు, శనివారం రాత్రి మా ఇంటి ముందర కారు ఆపగానే మామ గేటు దగ్గర నిలబడి ఉన్నాడంటే నేనేమీ ఉలిక్కిపడలేదు.

"పొద్దున ఆరుకంతా రెడీగా ఉండండి నాయనా. ఒక్క దినం చాలు. ఊరంతా చూపించేస్తా."

మామ ఊరికి పొలిమేర యాడుందో ఇంతవరకూ ఎవరూ కొలవలేదు. పేరున్నది ఏదైనా సరే పొలిమేర లోపలికి వచ్చేస్తుంది. హార్స్‌లీ కొండ మాది, రిషివ్యాలీ బడి మాది, మదనపల్లె టమాటా మాది. కుప్పం కూడా మాదే, కాకపోతే రవ్వంత దూరం. 2023 ఎండాకాలం పోయినాక టమాటా కిలో వంద దాటి దేశమంతా గగ్గోలు పుట్టినప్పుడు మామ దాన్ని "మన టమాటా" అన్నాడు. ధర పడిపోయి రైతులు రోడ్డు పక్కన పారబోసినప్పుడు మాత్రం అది "మదనపల్లె టమాటా" అయిపోతుంది.

ఆరుకు స్నానాలు చేసి కూర్చున్నవాళ్ళు తొమ్మిదికి కదిలినారు. ఆ మూడు గంటలూ కాఫీకే సరిపోయినాయి. మామ ఇంట్లో ఒకటి, ఆయన వదినమ్మ ఇంట్లో ఒకటి, ఆమె "మా చెల్లెలు ఏమనుకుంటాది" అన్నందుకు ఇంకొకటి. తర్వాత అంగడి దగ్గర ఆపి, షట్టరు సగం ఎత్తి, లోపలి మూటలు చూపించి, మళ్ళా దించినాడు. టూరులో మొదటి దర్శనీయ స్థలం అదే.

కారులో ముందు సీటు ఆయనది. ఏసీ వెయ్యనీడు, అద్దం దించే ఉండాలి. ఎందుకో మొదట తెలీలేదు. నూరు గజాలు పోయినాక "ఆపు నాయనా" అన్నాడు. టీ బంకు దగ్గరుండే మనిషిని కేకేసి పిలిచినాడు. "బెంగుళూరు నుంచి వచ్చిండారు. సాఫ్టువేరు. ఈ అబ్బోడిది కాకినాడ, ఆ అబ్బోడిది వరంగల్లు." ఆ మనిషి కారులోకి వంగి ఇద్దరినీ నిదానంగా చూసి, "పెండ్లిళ్ళయినాయా?" అన్నాడు. ఇంకో నూరు గజాలకు ఇంకో ఆపు. మా మామ అందరికీ ఊరు చూపిస్తాడని పేరు గానీ, నిజానికి ఊరికి ఆయన మనుషులను చూపిస్తాడు. మావాళ్ళిద్దరూ బస్టాండు దాటేలోపల పుంగనూరులో సగం మంది వాళ్ళను చూసేసినారు. పుంగనూరును మాత్రం వాళ్ళింకా చూడలేదు.

జమీందార్ల కోట దగ్గర కారు నెమ్మదించింది. సుగుటూరు గంగమ్మ జాతరకు జనం కిటకిటలాడేది ఇక్కడే. ఓరుగల్లు కోట చూసి పెరిగినవాడు ఊరుకుంటాడా, "దిగుదామా అంకుల్?" అన్నాడు.

"ఇది యాడికి పోతాది నాయనా? ఇంటిముందరిదే కదా. సాయంత్రం తీరిగ్గా చూస్తాం. ముందు దూరానివి ముగిద్దాం, పద."

దూరానివాటిలో మొదటిది బోయకొండ. ఆదివారం బోయకొండ అంటే కోళ్ళు, పొట్టేళ్ళు, మూడు రాళ్ళ పొయ్యిలు, కంట్లో పొగ. నవాబు సేనలు మీదపడితే బోయల పక్షాన నిలిచిన తల్లి అని ఇక్కడి గంగమ్మకు పేరు. అమ్మవారి తల మీద పూలు పెట్టి కోరిక కోరుకుంటారు. కుడివైపు పువ్వు రాలితే పని అవుతుందని, ఎడమకు రాలితే ఇప్పుడే కాదని నమ్మకం. అందరూ మనసులో కోరుకుంటారు. మామ అందరికీ వినిపించేట్టు కోరుకున్నాడు: "తల్లీ, ఈ పొద్దే మదనపల్లె, హార్స్‌లీ కొండ, పలమనేరు, కుప్పం అన్నీ చూపించాల." పువ్వు ఎడమకు రాలింది. మామ ఒక్క నిమిషం ఆలోచన చేసి, "అది అమ్మకు ఎడమ. ఎదురుగా నిలబడినోళ్ళకు కుడే కదా" అని చెప్పులు వేసుకున్నాడు.

మదనపల్లెలో బి.టి. కాలేజీ గేటు ముందర మావాళ్ళిద్దరినీ నిటారుగా నిలబెట్టినాడు. అనీ బిసెంట్ 1915లో పెట్టిన కాలేజీ అది. 1919 ఫిబ్రవరి చివర్లో రవీంద్రనాథ్ ఠాగూరు వచ్చి ఇక్కడే ఉన్నాడు. జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడే, ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ దాని స్వరాలు రాసి పెట్టిందీ ఇక్కడే. ఈ మాత్రం నిజం చాలు, ఏ ఊరికైనా నూరేండ్లు చెప్పుకోవడానికి. మామకు చాలదు. నా చిన్నప్పుడు ఆయన చెప్పిన కథలో ఠాగూరు అనువాదమే చేసినాడు. తర్వాత వరస కట్టినాడు. ఈ ఆదివారం ఏకంగా పాట మొత్తం ఇక్కడే రాసినాడు. ఇట్లాగే పోతే ఇంకో పదేండ్లకు ఠాగూరు పుంగనూరు అల్లుడవుతాడు.

నేను ఉండబట్టలేక, "మామా, 1911లోనే కలకత్తా కాంగ్రెసు సభలో ఆ పాట పాడినారు గదా" అన్నా.

"అది రిహార్సలు" అన్నాడు మామ.

జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది కూడా మదనపల్లెలోనే, 1895లో. సత్యానికి దారంటూ ఏదీ లేదని 1929లో ప్రపంచానికి చెప్పి, తనను జగద్గురువుగా నిలబెట్టిన సంఘాన్నే రద్దు చేసిన మనిషి. ఆయన పుట్టిన ఊళ్ళోనే మా మామ అడ్డదారి చూపిస్తానని కారును ఎడమ సందులోకి తిప్పించినాడు. సందు చివర ఒక ఎనుము పడుకోని ఉంది. అరగంట వెనక్కి నడిపినాడు కాకినాడ వాడు. కృష్ణమూర్తి మాట అంత సూటిగా ఎవరికైనా బోధపడిందో లేదో నాకు అనుమానమే.

టమాటా మండీలో మామ ఇద్దరు కమీషను ఏజెంట్లకు మావాళ్ళను చూపించినాడు. ఆ తర్వాత తిండికి కూర్చున్నాం. రాగి సంకటి, నాటుకోడి పులుసు, చెనక్కాయల ఊరుబిండి. అంతసేపూ మామ నోరు మెదపలేదు. ఆ రోజులో మావాళ్ళు నిజంగా రాయలసీమను అనుభవించిన ఇరవై నిమిషాలు అవే. వరంగల్ వాడు మూడో ముద్ద వేయించుకున్నాడు.

హార్స్‌లీ కొండ ఎక్కేసరికి ఎండ వాలుతోంది. నాలుగు వేల అడుగుల పైమాట ఎత్తు. ఒకప్పుడు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యూ.డి. హార్స్‌లీ ఎండ తట్టుకోలేక 1870 ప్రాంతంలో ఇక్కడ బంగళా కట్టుకున్నాక కొండకు ఆయన పేరు అంటుకుంది. నీలగిరి చెట్ల గాలికి మావాళ్ళు ఇద్దరూ బండ మీద చతికిలబడినారు. మామ మాత్రం లోయకు వీపు పెట్టి నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. "ఫోటోలు పట్టుకున్నారా? ఇంగ లేవండి. ఆవును చూడాల."

అసలు వాళ్ళు వచ్చిందే ఆవు కోసం. మూడడుగులు దాటని పుంగనూరు ఆవు. 2024 సంక్రాంతికి ఢిల్లీలో ప్రధానమంత్రి తన ఇంట్లో వాటికి గడ్డి తినిపించిన వీడియో చూసినప్పటి నుంచీ వీళ్ళకు ఇదే కోరిక. పొద్దుట్నుంచీ పుంగనూరు నాలుగు దిక్కులా తిరిగినాం, ఒక్క పుంగనూరు ఆవు ఎదురుపడలేదు. జెర్సీలు కనపడినాయి, ఎనుములు కనపడినాయి. కాకినాడ వాడు నోరు జారినాడు: "మా వైపు చాలామంది పెంచుతున్నారండి అంకుల్."

కారులో గాలి ఆగిపోయినట్టయింది. "మేం పంపించినాం" అన్నాడు మామ చివరికి.

ఈ జాతిని కాపాడుతున్న పశు పరిశోధన కేంద్రం ఉన్నది పుంగనూరులో కాదు, పలమనేరులో. పోవాలంటే మళ్ళా పుంగనూరు మీదుగానే దిగాల. సందెపొద్దులో కోట పక్కగా పోతుంటే వరంగల్ వాడు ఆశగా మామ వైపు చూసినాడు. "ఇప్పుడు దిగితే ఆవు తప్పిపోతాది" అన్నాడు మామ. కారు ఆగలేదు. పలమనేరు చేరేసరికి ఏడు దాటింది. ఆదివారం, చీకటి, మూసిన గేటు. వేరే మనిషైతే సిగ్గుపడేవాడు.

"పడుకోనుంటాయి" అన్నాడు మామ గొంతు తగ్గించి. "పాలిచ్చే జీవాలు. లేపకూడదు."

మిగిలింది కుప్పం. మావాళ్ళు చేతులు జోడించినారు. సరే, కుప్పాన్ని రోడ్డు మీద నిలబడి వేలితో చూపిస్తానన్నాడు. అదో, ఆ దిక్కున. 1997లో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఆడనే. అంగట్లో తెలుగులో బేరం మొదలుపెడితే అరవంలో తెగుతాది, చిల్లర కన్నడంలో ఇస్తారు. దోవలో కౌండిన్య అడివి, ఏనుగులు రోడ్డు దాటతాయి. 1989 నుంచీ ఒకే ఎమ్మెల్యే, ఎవరో మీకు చెప్పబళ్ళేదు. మావాళ్ళు చీకట్లోకి చూసి శ్రద్ధగా తలలూపినారు. ఆ రోజు వాళ్ళు నిదానంగా చూసిన ఊరు కుప్పం ఒక్కటే.

అక్కడినుంచి ముళబాగిలు మీదుగా బెంగుళూరు దగ్గర. మళ్ళా పుంగనూరు దాకా రావడం దండగని మామే అన్నాడు. నేనూ ఆయనా బస్సుకు పోతామని దిగినాం. కారు స్టార్టయింది. మామ కిటికీలోకి వంగి ఇద్దరి చేతులూ పట్టుకున్నాడు.

"మళ్ళా వచ్చేటప్పుడు రెండు దినాలు పెట్టుకోని రాండి నాయనా. ఆ తూరి పుంగనూరు చూపిస్తా."